పదో ఏటి వరద

ఉయ్యూరు,
12 ఆగస్టు 2001

ఆస్మాకి,

కండక్టరు జక్కయ్య గారు సీడీ క్షేమంగా అందించారు. బందరు బస్సు మా ఎరువుల కొట్టు ముందు ఆగకపోయినా, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి "ఉషమ్మా, ఇదిగో నీ పాటల పళ్ళెం!" అని అరిచి మరీ ఇచ్చారు. బజారంతా చూసింది. అవి పాటలు కావు, ఆటలు అని తెలిస్తే మా అత్తగారు మాణిక్యమ్మ గారు "పాలిటెక్నిక్‌లో నువ్వూ ఆస్మా చదివింది ఇదేనా?" అని మొదలుపెడతారు. కొట్లో ఫోను పక్కన ఎప్పుడూ నలుగురు రైతులు కూర్చునే ఉంటారు. కాబట్టి ఇలా సీడీ కవరులో ఉత్తరం మడిచి పంపుకోవడమే మనకి మేలు.

'సిల్వర్ డెల్టా' అనే పేరు చూసి ఏదో ఓడల దొంగల ఆట అనుకున్నాను. కాదు. ఒక నది, రెండు పాయల మధ్య ఖాళీ నేల, చేతిలో కాస్త ధాన్యం. మనమే కాలువలు తవ్వాలి, వీధులు వేయాలి, జనాన్ని తెచ్చుకోవాలి. అచ్చం మన డెల్టాయే అనుకో, కాకపోతే అక్కడి జనానికి టోపీలుంటాయి. ఎరువుల లెక్కల కోసం కొన్న కంప్యూటరులో నేనొక ఊరు కట్టాను. దానికో సంత, ఒక రేవు, ఊరి వెనకాల చెరుకు తోటలు.

పదో ఏడు వచ్చేసరికి వరద. ఊరు ఊరంతా కొట్టుకుపోయింది. నా తప్పేమోనని మళ్ళీ మొదలుపెట్టాను, కరకట్ట ఎత్తు పెంచాను. మళ్ళీ పదో ఏడే, మళ్ళీ వరద. ఈసారి నదికి ఆమడ దూరంలో కట్టాను. అక్కడికీ వచ్చింది! ఆటల్లో ఓడిపోవడం నాకు కొత్త కాదు గానీ, ఇంత పట్టుదలగా వెతుక్కుంటూ వచ్చే నీళ్ళని ఎక్కడా చూడలేదు. నీ దగ్గర కొన్నవాళ్ళందరికీ ఇంతేనా, లేక నా మీదే కోపమా? కనుక్కుని రాయి. నాకు నిద్ర పట్టేలా లేదు.

మా మావయ్యగారు వెనకాల నిలబడి రోజూ చూస్తున్నారు. ఇది ఆట అని ఆయనకింకా చెప్పలేదు. ఇరిగేషన్ వాళ్ళ ప్లాను అనుకుంటున్నట్టున్నారు.

నీ
ఉషశ్రీ


ఆటోనగర్, విజయవాడ,
20 ఆగస్టు 2001

ఒసేయ్ ఉషా,

నీ మీద కోపం కాదే, అందరికీ అంతే. కోచింగ్ కాలేజీల పిల్లలు ఆదివారం ఆటవిడుపు దొరగ్గానే నా నాలుగు కంప్యూటర్ల ముందూ చేరి ఈ వరద గురించే కొట్టుకుంటున్నారు. ఒకడు పన్నులు తగ్గిస్తే రాదంటాడు. ఒకడు రేవు కట్టకుండా ఉంటే నదికి కోపం రాదంటాడు. ఇంతవరకూ దాటినవాడు లేడు. నువ్వు దాటితే నా గది గోడ మీద నీ ఫొటో పెడతాను, దండ లేకుండానే.

అసలు ఈ సీడీ కాపీ చేయడానికి నేను పడ్డ పాట్లు నీకేం తెలుసు. ఆట మొదలవగానే డ్రైవులో ఉన్నది కంపెనీ సీడీయా కాదా అని తడిమి చూసుకుంటుంది. కాదంటే తలుపు తీయదు. ఆ తాళం విరగ్గొట్టే చిన్న ఫైలుని క్రాక్ అంటారు. నెట్‌లో వెతికి వెతికి పట్టుకున్నాను.

తప్పు కాదా అని నువ్వు అడగలేదు గానీ నేనే చెప్తాను. పోయిన ఏడు ఈ కంపెనీల ఆటలు తెచ్చే బొంబాయి వాళ్ళకి ఉత్తరం రాశాను, అసలు సీడీలే అమ్ముతాను, ఇప్పించండి అని. విజయవాడ మా లిస్టులో లేదన్నారు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్నట్టుంది వీళ్ళ వ్యవహారం. మనకి అమ్మరు, కాపీ చేసుకుంటే దొంగలంటారు.

కింద స్పేర్ పార్ట్స్ కొట్లో మా అన్న అష్ఫాక్ సంగతి నీకు తెలుసుగా. పిస్టన్ రింగు అడిగిన ప్రతివాడినీ "కంపెనీదా, లోకలా?" అని అడిగిగానీ ఇవ్వడు. లోకల్ అమ్మడం తప్పు కాదట, లోకల్‌ని కంపెనీదని చెప్పి అమ్మడం తప్పట. నా సీడీల మీద కూడా 'లోకల్' అని రాయమని పోరుపెడితే రాస్తున్నాను. నీ దాని మీద చూసుకో. దాని కిందే 'ఆస్మా కంప్యూటర్స్, ఆటోనగర్' అని నా స్టిక్కరు. ఆ స్టిక్కరు చూస్తే నాకెంత గర్వమో చెప్పలేను.

ఆస్మా


ఉయ్యూరు,
23 సెప్టెంబరు 2001

ఆస్మా! ఆస్మా! ఆస్మా!

దాటేశాం. గోడ ఖాళీ చేసుకో. ఫొటోలో ఇద్దరుంటారు, నేనూ మా మావయ్యగారు వెంకటకృష్ణారావు గారూ.

జరిగింది చెప్తాను, నవ్వకు. నిన్న పొద్దున ఆయన "ఏదమ్మా, ఆ ఎలక నా చేతికోసారి ఇవ్వు" అన్నారు. ఇచ్చాను. మౌసు పట్టుకోవడం ఆయనకదే మొదటిసారి. అటూ ఇటూ జరిపి ఎక్కడో నొక్కారు. ఊరికి పైన, చెరుకు తోటల పక్కన, నా కరకట్టలో ఇంత ముక్క ఎగిరిపోయింది. తొమ్మిదో ఏడు ఆఖరు! నాకు ఏడుపొక్కటే తక్కువ. పెద్దాయన, ఏమీ అనలేను. పళ్ళ బిగువున "పర్లేదు మావయ్యగారూ" అన్నాను.

వరద వచ్చింది. వచ్చి, ఆ గండిలోంచి చెరుకు తోటల్లోకి మళ్ళింది. అక్కడి నుంచి నేనెప్పుడో తవ్వి మర్చిపోయిన మురుగుకాలువలో పడి, కింద మళ్ళీ నదిలో కలిసిపోయింది. తోటలన్నీ పోయాయి. ఊరు నిలబడింది. టోపీల జనం వీధుల్లో తిరుగుతూనే ఉన్నారు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఆయన "కట్ట పెంచుకుంటూ పోతే నీళ్ళెక్కడికి పోతాయమ్మా? దారియ్యాలి. కావాలనే కొట్టా ఆ గండి" అన్నారు. కావాలనే! ఆ ముఖంలో ఒక్క గీత కదిలితే ఒట్టు. ఇప్పుడు పదకొండో ఏట్లో ఉన్నాం.

ఆట మొదట్లో కంపెనీ వాళ్ళ ఇంగ్లండు అడ్రసు కనిపిస్తుందిగా, వాళ్ళకి ఉత్తరం రాసేశాను. నాలుగు పేజీలు, మ్యాపులు గీసి మరీ. పదో ఏటి వరదని ఎలా తప్పించుకోవాలో మొత్తం వివరించాను. ఈ ఆట మాకు విజయవాడ ఆటోనగర్‌లోని ఆస్మా కంప్యూటర్స్ ద్వారా అందింది, మీరు వారికి కృతజ్ఞతలు తెలపాలి అని కూడా రాశాను. జవాబు మీ కొట్టుకే పంపమన్నాను. ఇక్కడికి ఇంగ్లండు కవరు వస్తే పోస్టుమాను ఊరంతా దండోరా వేస్తాడు. ఎలా ఉంది నా తెలివి?

ఆనందం పట్టలేకుండా ఉన్న
ఉష


ఆటోనగర్,
3 అక్టోబరు 2001

ఉషా,

ఆ ఇంగ్లండు ఉత్తరం ఇంకా నీ దగ్గరే ఉంటే పోస్టు చెయ్యకు. చేసేసి ఉంటే ఆ మాటే రాయి. జక్కయ్య గారి సాయంత్రం బస్సుకే పంపు. కారణం ఇప్పుడు రాయలేను, తర్వాత రాస్తాను.

మావయ్యగారికి నా నమస్కారాలు. ఆయన నిజంగా బాగా ఆడారు. ఆ మాట అబద్ధం కాదు.

ఆస్మా


ఉయ్యూరు,
4 అక్టోబరు 2001

ఆస్మా,

ఎప్పుడో పోస్టు చేశాను. ఏమైంది? నా ఇంగ్లీషులో తప్పులుంటాయని భయమా? రెండుసార్లు దిద్దుకున్నానే. మావయ్యగారు చెరుకు రైతుల మీటింగులో కూడా చెప్పేశారు, ఇంగ్లండు వాళ్ళకి వరద నేర్పించామని. ఫ్యాక్టరీ వాళ్ళు ఈసారి క్రషింగ్ ఎప్పుడు మొదలుపెడతారో చెప్పే మీటింగది. అది వదిలేసి అందరూ మా సంగతే అడిగారట.

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి మనసు బాగాలేదు. అలా ముక్తసరిగా నువ్వెప్పుడూ రాయవు. తిట్టాలనుంటే తిట్టు గానీ దాచకు.

ఉష


ఆటోనగర్,
9 అక్టోబరు 2001

ఉషా,

దాచను.

గుణదల నుంచి హన్నా టీచరుగారు వచ్చారు. కొడుకు కోసం హైదరాబాదులో సిల్వర్ డెల్టా అసలు సీడీ కొన్నారు, బిల్లుతో సహా. అది వాళ్ళ కంప్యూటరులో తెరుచుకోవడం లేదు. 'అసలు సీడీ పెట్టండి' అంటుందట, అసలు సీడీని కడుపులో పెట్టుకుని! డబ్బు పోసి కొన్నావిడ దొంగ తాళంచెవి కోసం నా దగ్గరికి రావాల్సి వచ్చింది. ఈ కంపెనీల కాపలా ఇలా ఏడ్చింది, దొంగని ఆపలేదు గానీ ఇంటివాళ్ళని గుమ్మం బయట నిలబెట్టింది.

నా డ్రైవులో మాత్రం అది ఆడింది. సీడీ నా దగ్గర ఉంచి వెళ్ళారు కదా, ఆశ ఆపుకోలేక నేనూ ఒక ఊరు కట్టాను. పదో ఏడు వచ్చింది, పోయింది. పదకొండు, పన్నెండు. నీళ్ళు కట్ట దాటలేదు.

అప్పుడు నెట్‌లో వెతికాను. వరద ఆటలో లేదు ఉషా. కాపీలో ఉంది. తలుపు దగ్గర ఒక కాపలా ఉంటుంది, దాన్ని క్రాక్‌తో దాటామని మురిసిపోయాం. లోపల ఇంకొకటి ఉంది. అది కాపీ అని తెలుసుకుని కూడా కిక్కురుమనదు. పదేళ్ళు ఊరు కట్టుకోనిచ్చి, అప్పుడు నీళ్ళు వదుల్తుంది. అక్కడి ఆటగాళ్ళకిది పెద్ద జోకు. ఎవడైనా 'వరద ఎలా దాటాలి' అని అడిగాడంటే, నేను దొంగనని వాడి నోటితో వాడే ఒప్పుకున్నట్టట.

నువ్వు నాలుగు పేజీల్లో ఒప్పుకున్నావు. మ్యాపులు గీసి, నా కొట్టు పేరు రాసి, నాకు కృతజ్ఞతలు కూడా చెప్పమన్నావు.

నీకు ఎగతాళిగా రాస్తున్నాను గానీ నాకు భయంగా ఉంది. కోపంగా కూడా ఉంది. మా రోడ్డు చివర సినిమా క్యాసెట్ల కొట్టు మీద పోలీసులు పడ్డప్పుడు టీవీలు, టేబుళ్ళు, ఆఖరికి ఫ్యాను కూడా పట్టుకుపోయారు. నా గదికి లైసెన్సు అన్న పేరు మీద ఉంది. లాగితే తననీ లాగుతారు. 'కంపెనీదా, లోకలా' అని జీవితమంతా నిజాయితీగా అడిగిన మనిషిని! ఈ గది పోతే నేనేమవుతానో కూడా ఆలోచించాను. మళ్ళీ ఏ ఆఫీసులోనో ఎవరి ఉత్తరాలో టైపు చేస్తూ కూర్చోవాలి. పొద్దున్నే షట్టరు ఎత్తితే ఇది నాది అనిపించే చోటు ఇదొక్కటే నాకు.

అన్నకి చెప్పేశాను. తిట్టలేదు. ఇద్దరం కూర్చుని ఆటల సీడీలన్నీ విరిచి గోనెసంచిలో కట్టాం. ఇక నీకు ఆటలు పంపను.

ఆస్మా


ఉయ్యూరు,
12 అక్టోబరు 2001

ఆస్మా,

నువ్వు తిట్టినదాని కంటే నేను ఎక్కువ తిట్టుకున్నాను. నా సీడీ విరిచేశాను. కంప్యూటరులోంచి ఆట తీసేశాను. పదకొండో ఏటి ఊరు కూడా దాంతోపాటే పోయింది. మావయ్యగారికి కంప్యూటరు పాడైందని చెప్పాను. ఆయన రోజూ వచ్చి నల్లటి తెర ముందు కాసేపు కూర్చుని వెళ్తున్నారు.

ఎవరైనా వస్తే నా పేరు చెప్పు. మీ అన్నయ్య పేరు రానివ్వకు. నేను బస్సెక్కి వచ్చి, సీడీ నేనే కాపీ చేసుకున్నానని ఎవరి ముందైనా చెప్తాను. ఒట్టి మాట కాదు.

ఒక్కటి అడగనా? ఇప్పుడు కూడా నీకిదేం పిచ్చి అంటావు. అయినా అడుగుతాను. ఆ వరద రాసిందెవరు? మనలాంటివాళ్ళని ముంచడానికే రాశారు, సరే. ముంచడమే కావాలంటే ఊరు మాయమైపోయేలా రాస్తే పోయేది. కానీ ఆ నీళ్ళు న్యాయంగా పారాయి ఆస్మా. పల్లం చూసుకుని వచ్చాయి. దారి ఇస్తే వెళ్ళిపోయాయి. ఎవరో నీళ్ళని ఎరిగిన మనిషి కూర్చుని రాశాడు. తాళం వేయమంటే నది రాసిన ఆ మనిషెవరో నాకు తెలుసుకోవాలనుంది.

నీ నుంచి ఉత్తరం వచ్చేదాకా జక్కయ్య గారి బస్సు చూస్తూనే ఉంటాను.

ఉష


ఆటోనగర్,
17 డిసెంబరు 2001

ఉషా,

ఇంగ్లండు నుంచి వచ్చింది. కవరు కాదు, పార్సిలు. పైన నా కొట్టు పేరు తప్పు లేకుండా ఉంది. పోస్టుమాను కింద అన్న చేతికిచ్చాడు. అన్న దాన్ని మెట్లెక్కి పైకి తెస్తే నేను ముట్టుకోలేదు. అన్నం క్యారేజీ తెచ్చిన అమ్మీ అక్కడే కూర్చుని దుఆ చదివింది. అమ్మీ అంత గట్టిగా చదవడం నా పరీక్షలప్పుడు కూడా వినలేదు నేను. చివరికి అన్నే కత్తెరతో కోశాడు.

లోపల ఒక ఉత్తరం, ఒక డబ్బా. ఉత్తరం తెలుగులో చెప్తాను విను. 'మీ ఆసక్తికి సంతోషం. మీరు రాసిన వరద మా ఆటలో లేదు. ఇటువంటి ఇబ్బంది మా కస్టమర్ విభాగం దృష్టికి రాలేదు. మీ సీడీలో లోపం ఉండి ఉంటుంది. కలిగిన అసౌకర్యానికి చింతిస్తూ, బదులుగా కొత్త సీడీ ఉచితంగా పంపుతున్నాం. మీకు సహకరించిన ఆస్మా కంప్యూటర్స్ వారికి మా కృతజ్ఞతలు.'

మూడుసార్లు చదివాను. ఆ వరద సంగతి రాసినవాళ్ళకి తెలుసు, ఆ కంపెనీలోనే ఉత్తరాలు చూసేవాళ్ళకి తెలీదు! ఎంత పెద్ద ఇల్లో చూడు, పెరట్లో బావి ఉన్న సంగతి వీధిగదిలో వాళ్ళకి తెలీదు. నేను రెండు నెలలు ఎవరికి భయపడ్డానో వాళ్ళు నాకు థాంక్స్ చెప్పారు. అన్న ఆ ఉత్తరం పట్టుకుని నవ్వు ఆపుకోలేక మెట్ల మీదే కూర్చున్నాడు. "కంపెనీ వాళ్ళు లోకల్ కొట్టుకి దండం పెట్టారే" అంటాడు.

నీకు ఉత్తరం రాయకుండా ఇన్నాళ్ళు ఉన్నాను. జక్కయ్య గారు రోజూ ఆటోనగర్ గేటు దగ్గర బస్సు ఆపి "ఏమన్నా ఉందామ్మా?" అని అడిగేవారు. లేదని చెప్పడం నాకేం బాగుండేది కాదు. నువ్వు రాసిన ఉత్తరం చాలాసార్లు తీసి చదువుకున్నాను. బస్సెక్కి వచ్చి చెప్తానన్నావే, అక్కడ ఆగిపోయేదాన్ని. కోపం పోయింది. నువ్వు లేక తోచలేదు.

ఇక ఆటల కాపీలు అమ్మను. బుద్ధొచ్చి కాదు, భయం తీరక. బయోడేటాలు, పెళ్ళి కార్డులు, నెట్ బ్రౌజింగు పెట్టాను. కోచింగ్ పిల్లలు మొహాలు వేలాడేసుకుని వేరే కొట్టుకి పోయారు. గది మాత్రం నిలబడింది.

అసలు సీడీ నీది, పంపుతున్నాను. మావయ్యగారికి కంప్యూటరు బాగైందని చెప్పు.

ఆస్మా


ఉయ్యూరు,
20 జనవరి 2002

నా ఆస్మాకి,

నీ ఉత్తరం కొట్లోనే చదివి ఏడ్చేశాను. యూరియా బస్తా కోసం వచ్చిన రైతు కంగారుపడి బయటికి వెళ్ళిపోయాడు.

ఇక్కడ క్రషింగ్ మొదలై ఊరంతా బెల్లప్పాకం వాసన. చెరుకు లారీల మధ్య నుంచి మావయ్యగారు టంచనుగా ఇంటికొచ్చి కుర్చీ లాక్కుంటున్నారు. కంపెనీ సీడీ మా డ్రైవులో తెరుచుకుంది, మన అదృష్టం. ఈసారి ఊరికంటే ముందు మురుగుకాలువ తవ్వించారు. కరకట్టలో గండి ఎక్కడ కొట్టాలో చూసుకుని, అక్కడ ఇళ్ళు పడనివ్వకుండా, చెరుకు కూడా వేయనివ్వకుండా కాపలా కాశారు. పదో ఏడు వచ్చింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని సర్దుకు కూర్చున్నారు. ఏమీ రాలేదు. పదిహేనో ఏడు దాకా చూశాం. నది గీత గీసినట్టు అక్కడే ఉంది.

"నీళ్ళేవమ్మా?" అన్నారు.

ఇక దాచలేక మొత్తం చెప్పేశాను, ఇది ఆట అన్న సంగతి దగ్గర నుంచి. ఆట అని ఆయనకి ముందే తెలుసట. మిగతాది విని, "అంటే వరద దొంగలకేనా? డబ్బిచ్చి కొన్నోళ్ళకి ఇవ్వరా? ఇదేం న్యాయం?" అన్నారు. వెనక నుంచి మా అత్తగారు "ఊరు మునగలేదని బెంగపెట్టుకునే మనిషిని ఈయన్నే చూశాను" అన్నారు. అన్నారు గానీ, ఆవిడ కూడా పదో ఏడు చూడ్డానికే వచ్చి నిలబడ్డారు ఆస్మా. చేతిలో చేట ఉంది, అందులో బియ్యం అలాగే ఉన్నాయి.

నువ్వు మానేశానన్నావు. అడగకూడదు. అయినా అడుగుతున్నాను. కంపెనీ సీడీ జక్కయ్య గారి చేతికి తిరిగి ఇచ్చి పంపుతున్నాను. మాకు ఇది వద్దు, లోకల్‌ది కావాలి.

ఉష


ఆటోనగర్,
2 ఫిబ్రవరి 2002

ఒసేయ్ ఉషా,

విరిచిన వాటిలో ఒక్కటైనా మిగిలిందేమోనని గోనెసంచి విప్పి చూశాను. ఒక్కటీ లేదు, అంత శ్రద్ధగా విరిచాం. అందుకని కంపెనీ వాళ్ళు ప్రేమతో పంపిన సీడీనే డ్రైవులో పెట్టి, మళ్ళీ ఆ పాత తాళమే విరగ్గొట్టి, ఒక్క కాపీ చేశాను. అమ్మడానికి కాదు. అసలుది నీ సొంతమై ఉండగా ఇది దొంగతనమో కాదో నాకు తేలలేదు. అన్నని అడిగితే, "వరద కావాలని కాపీ చేసినోళ్ళ మీద ఏ సెక్షన్ పెడతారో నేనూ చూస్తా" అన్నాడు. దాని మీద 'లోకల్' అని తన చేత్తోనే రాశాడు. రెండూ పంపుతున్నాను.

పంపేముందు పనిచేస్తుందో లేదో చూడాలిగా. ఊరు కట్టాను. తొమ్మిదో ఏడు ఆఖరుకి బ్రౌజింగుకి వచ్చిన వాళ్ళని కూడా పట్టించుకోకుండా కూర్చున్నాను. అంత భయపెట్టిన నీళ్ళ కోసం అంత ఆశగా ఎదురు చూస్తానని ఎప్పుడూ అనుకోలేదు. వచ్చాయి ఉషా. పల్లం చూసుకుని, నువ్వు రాసినట్టే, న్యాయంగా వచ్చాయి. "అన్నా, వచ్చింది!" అని అరిచాను. కింద ఎవరికో రేడియేటరు చూపిస్తున్నవాడు అది వదిలేసి పైకి పరిగెత్తాడు.

నా ఊరు మునిగిపోయింది. గండి కొట్టాను గానీ తప్పు చోట కొట్టాను. ఇది ఉత్తరాలతో అయ్యే పని కాదు. క్రషింగ్ అవగానే మావయ్యగారిని, ఆ చేటతో సహా అత్తగారిని తీసుకుని జక్కయ్య గారి బస్సెక్కు. కిటికీ పక్క కంప్యూటరు ఆయనకి ఉంచుతాను. ఎక్కడ కొట్టాలో వచ్చి చూపించమను.

ఆస్మా